కొండంత ఫోటో, గోరంత బొమ్మ

ఈ వారం వంట గురించి కాదు. అయినా వంటల పుస్తకం కథ ఒకటి ఇందులో ఉంది కాబట్టి పేజీ తిప్పెయ్యకండి.

మా పక్కింటమ్మాయి ఇంట్లోనే పిండివంటలు చేసి ఆర్డర్ల మీద అమ్ముతుంది. అరిసెలు, సున్నుండలు, కజ్జికాయలు, జంతికలు, అన్నీ చక్కగా చేస్తుంది. మొన్నొక సాయంత్రం చేతిలో లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

"ఆంటీ, అన్నిటికీ ఫోటోలు తీశాను. 180 ఉన్నాయి. అడిగినవాళ్లకి పంపుదామంటే ఒక్కొక్కటీ మూడు నాలుగు ఎంబీలుంది. ఒక్కొక్కదాన్నీ తెరిచి, చిన్నది చేసి, మళ్లీ దాచి... నిన్న రాత్రి పన్నెండింటిదాకా కూర్చుంటే ముప్ఫై అయ్యాయి" అని ఉసూరుమంది.

నిజమే మరి. ఒక్కో ఫోటోకి రెండు నిమిషాలు వేసుకున్నా 180 ఫోటోలకి ఆరు గంటలు. ఆరు గంటల్లో ఆ పిల్ల ఎన్ని సున్నుండలు చుట్టేది!

"దానికి సులువైన పద్ధతుందమ్మా. అన్నిటికీ కలిపి ఒక్కసారే చెప్పేస్తే కంప్యూటరే చేసుకుపోతుంది. పది నిమిషాల పని" అన్నాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. వెంటనే మొదలుపెట్టబోయింది.

"ఆగు. ముందు నా కథ విను. తర్వాత మొదలుపెడుదువుగాని" అన్నాను. ఆ కథే మీకూ చెబుతున్నాను.

అమ్మ పుస్తకం

మా అమ్మకి ఒక వంటల నోటుపుస్తకం ఉండేది. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి కళ్లు కనిపించినంతకాలం రాసుకుంది. ఆవకాయ, మాగాయ, ఉసిరికాయ పచ్చడి, పనసపొట్టు కూర, బాలింతకు పెట్టే కాయం, అన్నీ అందులోనే. గిద్దెలు, సోలల లెక్క. పక్కనే చిన్న చిన్న రాతలు: "ఈసారి కారం ఎక్కువైంది", "పెద్దాడికి నచ్చలేదు", "వానాకాలంలో చెయ్యకూడదు" అంటూ.

అమ్మ 2016లో పోయింది. పుస్తకం మా అన్నయ్యగారింట్లో ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. 2019 ఎండాకాలంలో నేను వెళ్లినప్పుడు, కాగితాలు అంచులు రాలిపోతుంటే భయమేసి, రెండురోజులు కిటికీ దగ్గర కూర్చుని 214 పేజీలూ ఫోన్లో ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో వేసుకున్నాను. ఫోన్లో చోటు చాలక అక్కడివి తీసేశాను. ఆ మరుసటి ఏడాది వానల్లో వదినావాళ్ల ఇంటి కప్పు కారి, ట్రంకుపెట్టెలో నీళ్లు చేరి, పుస్తకం ముద్దయిపోయింది. వదిన ఫోన్లో ఏడ్చింది. "బాధపడకు వదినా, ఫోటోలున్నాయిగా" అని నేనే ధైర్యం చెప్పాను.

2021లో ఒకరోజు నాకొక ఆలోచన వచ్చింది. పుస్తకానికి విషయసూచికలాగా ప్రతి పేజీకీ ఒక చిన్న బొమ్మ, దాని కింద వంట పేరు పెడితే వెతుక్కోవడం తేలిక కదా అని. ఇలాంటి చిన్న బొమ్మలనే థంబ్‌నెయిల్స్ అంటారు. థంబ్‌నెయిల్ అంటే బొటనవేలి గోరు. గోరంత బొమ్మ అన్నమాట. పేరు బాగుంది కదూ?

ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నాను. దాని పేరు చెప్పను. తప్పు దానిది కాదు, నాది. 214 ఫోటోలూ ఎంచుకున్నాను. పెద్దవైపు 160 పిక్సెళ్లు అన్నాను. కొత్తవి ఎక్కడ పెట్టాలని అడిగితే అవే ఉన్న ఫోల్డర్ చూపించాను. "అదే పేరుతో పాతది ఉంటే దానిమీదే రాసెయ్యనా?" అన్న అర్థం వచ్చే గడిలో టిక్కు పెట్టాను. మాటిమాటికీ అడిగి విసిగిస్తుందేమోనని! బటన్ నొక్కాను. నిమిషంలో అయిపోయింది. ఎంత తొందరగా చేసిందో అని మురిసిపోయాను కూడా.

తర్వాత ఆవకాయ పేజీ తెరిచాను. గోరంత బొమ్మ వచ్చింది. పెద్దది చేశాను. మసక. ఇంకా పెద్దది చేశాను. గళ్లు, గళ్లు, గళ్లు. అమ్మ అక్షరం ఒక్కటి లేదు.

మా మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడు అన్నీ విని ఒకే ముక్క అడిగాడు. "అత్తా, ఇంకో కాపీ ఉందా?"

లేదు.

ఎందుకు తిరిగి రాదు?

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. విసుక్కోకండి, చీటీపాట లెక్కకంటే తేలికే.

నేను తీసిన ఒక్కో ఫోటో నిలువు 4000, అడ్డం 3000 పిక్సెళ్లు. పిక్సెల్ అంటే ఒక రంగు చుక్క. ముగ్గుకి చుక్కలు పెట్టినట్టే. మొత్తం కోటీ ఇరవై లక్షల చుక్కలు. గోరంత బొమ్మ నిలువు 160, అడ్డం 120. మొత్తం 19,200 చుక్కలు. అంటే ప్రతి 625 చుక్కలకీ ఒక్కటి మిగిలింది.

అమ్మ పుస్తకంలో పేజీకి ఇంచుమించు 22 వరసలు. అసలు ఫోటోలో ఒక్కో వరసకి సుమారు 180 చుక్కల ఎత్తుండేది. చిన్నదానిలో ఏడు. మన తెలుగు అక్షరం, దాని పైన గుడి, కింద వొత్తు, ఇన్నీ ఏడు చుక్కల ఎత్తులో ఎలా ఇముడుతాయి చెప్పండి? "అరసోల"కీ "సోల"కీ తేడా ఎక్కడ తెలుస్తుంది?

మళ్లీ పెద్దది చెయ్యొచ్చుగా అంటారేమో. పిండేసిన నిమ్మచెక్కలోకి రసం తిరిగి రాదు. ఇప్పుడు ఏఐతో చిన్న బొమ్మని పెద్దది చేసే సాధనాలు వచ్చాయి. అవి లేని చుక్కల్ని ఊహించి నింపుతాయి. మొహానికో పువ్వుకో అది చూడ్డానికి బాగానే ఉండొచ్చు. ఆవకాయలో ఉప్పు కొలత ఊహించి రాస్తే మాత్రం జాడీ అంతా బూజు పడుతుంది.

ఇంకో సంగతి. మనం ఫైలు డిలీట్ చేస్తే మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి వెళుతుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు. దానిమీదే కొత్తది రాసేస్తే మాత్రం పాతది బిన్‌లోకి వెళ్లదు. పలకమీద తుడిచి మళ్లీ రాసినట్టే. ఇది నాకు ఆరోజుదాకా తెలియదు.

సరే, ఇక అసలు విషయానికొద్దాం. పక్కింటమ్మాయికి నేను నేర్పించిన పద్ధతి ఇది. మన పేజీ అలవాటు ప్రకారమే రాస్తున్నాను.

కావలసినవి

కంప్యూటర్ – 1
ఫోటోలు – మీ దగ్గర ఎన్నుంటే అన్ని
ఖాళీ ఫోల్డర్లు – 2 (ఒకదానికి "పంపేవి" అనీ, ఇంకోదానికి "గోరంతవి" అనీ పేరు పెట్టుకోండి)
పెన్‌డ్రైవ్ లేక హార్డ్ డిస్క్ – 1
ఇర్ఫాన్‌వ్యూ సాఫ్ట్‌వేర్ – ఇంట్లో సొంతానికి వాడుకుంటే ఉచితం

ఈ ఇర్ఫాన్‌వ్యూ విండోస్ కంప్యూటర్లకి మాత్రమే. బోస్నియాలో పుట్టి వియన్నాలో చదువుకున్న ఇర్ఫాన్ స్కిల్యాన్ అనే ఆయన దీన్ని తయారుచేశారు. మొదటిది 1996లో వచ్చింది. దానికి తన పేరే పెట్టుకున్నారు. చాలా చిన్న సాఫ్ట్‌వేర్, పాత కంప్యూటర్లో కూడా చకచకా నడుస్తుంది. ఒక మాట: వ్యాపారానికి వాడితే డబ్బు కట్టి లైసెన్స్ తీసుకోవాలి. పక్కింటమ్మాయి చేసేది వ్యాపారం కాబట్టి ముందే చెప్పాను, కట్టింది కూడా. నలుగురు ఉచితంగా ఇచ్చారు కదా అని మనం నియమం తప్పకూడదు.

తయారుచేసే విధానం

1. అన్నిటికంటే ముందు ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, పెన్‌డ్రైవ్ తీసేసి బీరువాలో పెట్టండి. అది అయ్యాకే రెండో మెట్టు.

2. ఇర్ఫాన్‌వ్యూ తెరిచి ఫైల్ మెనూలో "బ్యాచ్ కన్వర్షన్/రీనేమ్" అన్నది నొక్కండి. బ్యాచ్ అంటే వాయి. ఒక వాయి గారెలు వేసినట్టు, ఒక వాయి ఫోటోలన్నమాట.

3. కావలసిన ఫోటోలు ఎంచుకుని "యాడ్" నొక్కండి. మొదటిసారి మూడే మూడు వెయ్యండి. కొత్త పిండితో ముందు ఒక అట్టు వేసి చూసుకోమూ? అలాగే.

4. అవుట్‌పుట్ ఫార్మాట్ దగ్గర జేపెగ్ ఉంచండి. పక్కన ఆప్షన్స్‌లో క్వాలిటీ 80 నుంచి 85 మధ్య పెట్టండి. జేపెగ్ పద్ధతి 1992లో ప్రమాణంగా వచ్చింది. మన కంటికి అంతగా తెలియని వివరాన్ని వదిలేసి ఫైలుని చిన్నది చేస్తుంది. అందుకే ఒకే ఫోటోని మార్చిందే మళ్లీ మళ్లీ మార్చి దాస్తే ప్రతిసారీ కొంత పోతుంది. ఎప్పుడు మార్చినా అసలు ఫోటో నుంచే మార్చండి.

5. "యూజ్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" గడిలో టిక్కు పెట్టి "అడ్వాన్స్‌డ్" నొక్కండి. రీసైజ్ దగ్గర "లాంగ్ సైడ్", అంటే పెద్దవైపు, 1200 అని ఇవ్వండి. నిలువు ఫోటో అయినా అడ్డం ఫోటో అయినా ఇదొక్కటే సరిపోతుంది. నిష్పత్తి చెడకుండా ఉంచే "ప్రిజర్వ్ యాస్పెక్ట్ రేషియో" గడిలో టిక్కు ఉండాలి. లేకపోతే గుండ్రటి అరిసె కోడిగుడ్డులా సాగుతుంది. "రీసాంపుల్" అన్న గడిలో కూడా టిక్కు పెడితే బొమ్మ నున్నగా వస్తుంది.

6. అదే కిటికీలో "ఓవర్‌రైట్ ఎగ్జిస్టింగ్ ఫైల్స్" అనీ, "డిలీట్ ఒరిజినల్ ఫైల్స్" అనీ రెండు గడులుంటాయి. రెండూ ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి. ఒకటికి రెండుసార్లు చూడండి. నా 214 పేజీలు పోయింది ఇలాంటి గడి దగ్గరే.

7. అవుట్‌పుట్ డైరెక్టరీ దగ్గర మీ "పంపేవి" ఫోల్డర్ చూపించండి. ఫోటోలున్న ఫోల్డర్ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

8. "స్టార్ట్ బ్యాచ్" నొక్కండి. ఆ మూడూ బాగున్నాయనుకుంటే మిగతావన్నీ వేసెయ్యండి. తర్వాత పెద్దవైపు 200 అని మార్చి, "గోరంతవి" ఫోల్డర్ చూపించి, మళ్లీ అసలు ఫోటోలతోనే ఇంకో వాయి వెయ్యండి.

అంతే! పక్కింటమ్మాయి కాఫీ తాగేలోపు 180 ఫోటోలూ రెండు సైజుల్లోనూ తయారయ్యాయి. మూడు నాలుగు ఎంబీల ఫోటో 1200 సైజుకి వచ్చేసరికి సాధారణంగా రెండుమూడొందల కేబీలకి దిగుతుంది. ఇదివరకు ఒక ఈమెయిల్లో అయిదారు ఫోటోలు పట్టడమే గగనం, ఇప్పుడు యాభై దాకా పెట్టొచ్చు.

ఇర్ఫాన్‌వ్యూ లేనివాళ్లు

యాపిల్ కంప్యూటర్ ఉన్నవాళ్లు ఏమీ తెచ్చుకోనక్కర్లేదు. ఫోటోలన్నీ ఎంచుకుని "ప్రివ్యూ"లో తెరిచి, టూల్స్‌లో "అడ్జస్ట్ సైజ్" వాడొచ్చు. ఇది మాత్రం సేవ్ చేస్తే తెరిచిన ఫోటోలనే మారుస్తుంది. కాబట్టి ముందు కాపీ తీసి, ఆ కాపీల మీదే చెయ్యండి.

ఎక్స్ఎన్‌కన్వర్ట్ అని ఇంకోటి ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఇదీ సొంత వాడకానికి ఉచితమే. ఇందులో సదుపాయమేమిటంటే, చెయ్యాల్సిన పనులన్నీ వరసగా పేర్చుకోవచ్చు. తిప్పడం, కత్తిరించడం, చిన్నది చెయ్యడం, మూల మీద మీ పేరు వెయ్యడం, అన్నీ ఒకే వాయిలో అయిపోతాయి.

విండోస్ కోసం మైక్రోసాఫ్ట్ వాళ్లే ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో "ఇమేజ్ రీసైజర్" ఉంది. ఫోటోలు ఎంచుకుని కుడివైపు బటన్ నొక్కితే చాలు, సైజు అడుగుతుంది. రోజూ నాలుగైదు ఫోటోలు మార్చేవాళ్లకి అన్నిటికంటే తేలిక ఇదే.

కంప్యూటర్ చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే "ఇమేజ్‌మ్యాజిక్" అంటారు. అది 1990లో బయటికొచ్చిన పాతకాపు. బటన్లు కాదు, అన్నీ టైపు చేసి చెప్పాలి. వేల ఫోటోలైనా ఇట్టే చేసేస్తుంది. అందులో "మాగ్రిఫై" అనే ఆజ్ఞ ఒకటుంది. వేరే చోటు చూపించకపోతే అది అసలు ఫోటోల మీదే రాసేస్తుంది. మీ అబ్బాయి ఎంత తెలివైనవాడైనా ఈ ముక్క ఒకసారి చెవిన వెయ్యండి.

కొన్ని చిట్కాలు

* గోరంత బొమ్మలో పళ్లెం, విస్తరి, గోడ, కిటికీ అన్నీ ఇమడవు. ముందు వంటకం చుట్టూ దగ్గరగా కత్తిరించి, ఆ తర్వాత చిన్నది చెయ్యండి. సున్నుండ సున్నుండలా కనిపించాలి, చుక్కలా కాదు.

* అన్నిటినీ ఒకే కొలతతో కత్తిరించమని కంప్యూటర్‌కి చెప్పేటప్పుడు జాగ్రత్త. గిన్నె మధ్యలో లేని ఫోటోలో సగం గిన్నె ఎగిరిపోతుంది. ఫోటో తీసేటప్పుడే గిన్నెని మధ్యలో పెట్టి తీస్తే ఈ తిప్పలుండవు.

* పేర్లు కూడా వాయి కిందే మార్చుకోవచ్చు. "అరిసెలు 1, 2, 3" అని కాకుండా "అరిసెలు 001, 002, 003" అని పెట్టండి. లేకపోతే కొన్ని చోట్ల 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది.

* ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఫోటో ఎక్కడ తీశారో ఆ చోటు గుర్తు ఫోటోలోనే దాగి ఉంటుంది. ఇంట్లో తీసిన పిల్లల ఫోటో ముక్కూమొహం తెలియనివాళ్లకి వెళితే ఇంటి జాడ కూడా వెళ్లినట్టే. జేపెగ్ ఆప్షన్స్‌లో "కీప్ ఎగ్జిఫ్ డేటా" అన్న గడిలో టిక్కు తీసేస్తే ఆ గుర్తులు రావు. ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లు ఇది తప్పకుండా చూసుకోండి.

* చేతిరాత, పాత ఉత్తరాలు, దస్తావేజులు ఇలా చదువుకోవలసిన కాగితాల ఫోటోలు మరీ చిన్నవి చెయ్యకండి. తగ్గించాక ఒకటి తెరిచి, అన్నిటికంటే చిన్న అక్షరం చదవగలరో లేదో చూసి అప్పుడు పంపండి.

* అసలు ఫోటోలు మూడు చోట్ల ఉండాలి. ఒకటి కంప్యూటర్లో, ఒకటి బీరువాలో, ఒకటి వేరే ఇంట్లో. దూరంగా ఉన్న అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఇందుకే ఉన్నారనుకోండి! ఒకే ఇంట్లో మూడు కాపీలుంటే కప్పు కారిన రోజున మూడూ తడుస్తాయి.

మళ్లీ అమ్మ పుస్తకం

ఇంతకీ ఏమైందంటారా? మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. నేను ఫోటోలు తీసిన రోజుల్లో అది "అక్కా, ఆ పచ్చడి పేజీ పంపు, ఈ పొడి పేజీ పంపు" అని ప్రాణం తీసేది. విసుక్కుంటూనే వాట్సాప్‌లో పంపేదాన్ని. సంగతి చెప్పగానే అది తన ఫోన్ అంతా వెతికింది. 61 పేజీలు దొరికాయి. వాట్సాప్ వాటినీ కొంత తగ్గించేసింది గానీ అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఆరోజు అది చేసిన అల్లరికి ఈరోజు దండం పెట్టుకున్నాను.

ఆ 61లో ఆవకాయ లేదు. రోజూ తినేదే కదా, ఎవరికి తెలియదని అది అడగనే లేదు.

తెనాలిలో మా పిన్ని ఉంది. అమ్మ చెల్లెలు. ఎనభై దాటాయి. ఫోన్ చేసి ఏడుపు మొహంతో సంగతి చెప్పాను. "ఓసి పిచ్చిదానా, మీ అమ్మకి ఆవకాయ నేర్పిందెవరనుకున్నావే? కాగితం తీసుకో" అంది. రోజుకి రెండు చొప్పున చెబుతూ పోయింది. నలభై వంటల దాకా అయ్యాయి. మధ్యలో "ఇది మీ అమ్మ వేరేగా చేసేది, నాకు గుర్తులేదు" అన్నవి కూడా ఉన్నాయి. వాటికి ఖాళీ పేజీలే వదిలాను.

ఇప్పుడు నా దగ్గరున్న పుస్తకంలో కొన్ని అమ్మ చేతిరాతలో ఉన్నాయి, కొన్ని నా చేతిరాతలో పిన్ని మాటలు. "పెద్దాడికి నచ్చలేదు" లాంటి రాతలు పోయినవి పోయాయి. కొలతలు మళ్లీ అడిగి రాసుకోవచ్చు. ఆ రాతలు ఎవర్ని అడుగుతాం?

గోరంత బొమ్మలు 214 ఇప్పటికీ ఉన్నాయి. తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. చదవలేను గానీ, ఏ పేజీలో అమ్మ ఎక్కువ కొట్టివేసిందో, ఎక్కడ నూనె మరక పడిందో మాత్రం కనిపిస్తుంది.

పక్కింటమ్మాయి అంతా విని లాప్‌టాప్ మూసేసింది. "ఏమ్మా, చెయ్యవా?" అన్నాను. "పెన్‌డ్రైవ్ తెచ్చుకుని వస్తానాంటీ" అంది.

మీరూ ముందు అది వెతికి పెట్టుకోండి. ఉంటాను.